కొలువు, వ్రతం, ఖడ్గం: మధ్యయుగ తెలుగు భక్తిలో వీరపరిభాష

ఉపోద్ఘాతం

పాల్కురికి సోమనాథుని బసవపురాణానికి వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘేర్ సహకారంతో చేసిన ఆంగ్లానువాదం 1990లో వెలువడింది. దానికి పెట్టిన ప్రధాన శీర్షిక 'శివాస్ వారియర్స్', అంటే శివుని యోధులు. ఆ పురాణంలో కనిపించే భక్తులలో అధికులు వృత్తిరీత్యా యోధులు కారు. మడివాలు మాచయ్య చాకలి, గుండయ్య కుమ్మరి, కన్నప్ప వేటగాడు, గొడగూచి ముక్కుపచ్చలారని పిల్ల. అయినా ఆ శీర్షిక గ్రంథస్వభావానికి దూరం కాదు. సోమనాథుడు భక్తులకిచ్చే గౌరవనామం 'వీరమాహేశ్వరులు'. వారి ప్రతిజ్ఞలు, పంతాలు, గెలుపులు అన్నీ యుద్ధభూమికి అలవాటైన మాటలలోనే నడుస్తాయి.

ఈ వీరత్వాన్ని తెలుగు సాహిత్యచరిత్ర సాధారణంగా రెండు విధాలుగా వివరించింది. ఒక వివరణ ప్రకారం అది పరమతద్వేషం వల్ల పుట్టిన మతావేశం. మరొక వివరణ ప్రకారం అది కులవ్యవస్థపై సాగిన సాంఘిక తిరుగుబాటు. రెండింటికీ బసవపురాణంలో ఆధారాలున్నాయి. కాని ఈ వివరణలు భక్తుల చర్యల దగ్గర ఆగిపోతాయి, వారి మాటల దాకా రావు. శివునిపై ప్రేమను చెప్పడానికి బంటు, ఏలిక, ప్రతిజ్ఞ, ద్రోహం వంటి సైనికజీవితపు మాటలు ఎందుకు కావలసివచ్చాయన్న ప్రశ్న మిగిలే ఉంది.

కాకతీయ, రెడ్డిరాజుల కాలాల శాసన సాహిత్య ఆధారాలను కలిపి చదివితే ఆ ప్రశ్నకు ఒక సమాధానం దొరుకుతుంది. మధ్యయుగాంధ్రంలో రాజసేవకు, దైవసేవకు ఆధారమైన సంబంధం ఒక్కటే. అది ప్రాణాన్ని పణంగా పెట్టి ఏలికను కొలవడం. అందుచేత భక్తిలోని వీరపరిభాష మొదట అలంకారం కాదు, వాచ్యార్థమే. పుట్టుక ఇవ్వని గౌరవాన్ని అది అనేకులకు ఇచ్చింది, బదులుగా వారి శరీరాన్ని కోరింది. తరువాతి కాలంలో పండితులు ఆ మాటలకు అంతరంగపరమైన అర్థం చెప్పుకున్నారు. శరీరంతో చెల్లించే బాధ్యత మాత్రం సమాజంలో కిందిమెట్టున ఉన్నవారి దగ్గరే నిలిచిపోయింది.

ఒకే మాట, రెండు కొలువులు

తెలుగులో 'కొలుచు' అనే క్రియ రాజును సేవించడానికీ దేవుణ్ణి ఆరాధించడానికీ సమానంగా చెల్లుతుంది. దాని నామరూపమైన 'కొలువు' రాజసభ, ఉద్యోగం, దేవుని సన్నిధి అనే మూడు అర్థాలనూ మోస్తుంది. 'ఏలిక' ప్రభువూ కావచ్చు, పరమేశ్వరుడూ కావచ్చు. 'ఊడిగం' అంతఃపురంలోనూ చేస్తారు, ఆలయంలోనూ చేస్తారు. 'ఓలగం' రాజు తీర్చినదీ, దేవుడు తీర్చినదీ. ఈ మాటలలో ఏ అర్థం ముందు, ఏది వెనుక అని నిర్ణయించడం కష్టం. ఆ నిర్ణయం అవసరమని నాటి సమాజం భావించినట్లు కూడా తోచదు.

సంస్కృత పదమైన 'భక్తి'కి సైతం ఇటువంటి చరిత్రే ఉంది. 'భక్త' శబ్దానికి పంచి ఇచ్చినది, వండిన అన్నం అనే అర్థాలున్నాయి. అన్నం పెట్టినవానికి కట్టుబడి ఉండడం స్వామిభక్తి. దానికి విరోధం స్వామిద్రోహం. శాసనాలలో సామంతులూ సేనానులూ ధరించిన 'స్వామిద్రోహరగండ' అనే బిరుదు ఏలికకు ద్రోహం చేసినవారిపాలిటి మగవాడినని చాటుకొనడమే. శైవకావ్యాలలో 'శివద్రోహి' అనే మాట వినిపించినప్పుడు దాని వెనుక ఈ స్వామిద్రోహ భావన ఉన్నదని గుర్తించాలి. ఏలికను నిందించినవాణ్ణి సహించి ఊరుకున్న బంటు నాటి నీతిలో బంటే కాడు. శివనిందను సహించని వీరమాహేశ్వరుని నియమం ఈ నీతినుంచే బలం తెచ్చుకుంది.

'బంటు' మాటను భట శబ్దభవంగా చెబుతారు. 'లెంక' కూడా సేవకుడైన భటునికి పేరే. కాకతీయుల నాటి శాసనాలలో ప్రభువుల లెంకలుగా తమను చెప్పుకున్నవారు కనిపిస్తారు. ఇవి చిన్నతనాన్ని సూచించే మాటలు కావు, శాసనంలో చెక్కించుకోదగిన గుర్తింపులు. కాకతీయయుగపు శాసనాలను విస్తారంగా పరిశీలించిన సింథియా టాల్బట్ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించారు. ఆనాడు వ్యక్తులు తమను జాతి పేరుతో చెప్పుకొనడం కంటె నాయక, సెట్టి వంటి హోదాపదాలతో చెప్పుకొనడమే ఎక్కువ. నాయకత్వం ఏదో ఒక కులానికి పరిమితం కాలేదు. చతుర్థవర్ణంలో పుట్టినవాడు కత్తి చేతబట్టి పేరు తెచ్చుకోగల అవకాశం ఉన్న సమాజమది. అటువంటి సమాజంలో 'వీరుడు' అనే మాట వర్ణనామాలకు పోటీగా నిలిచిన గౌరవనామం. భక్తికి ఆ మాట కావలసిరావడానికి ఇది మొదటి కారణం.

రాతిమీద వీరుడు

వీరుని మరణం మతభావనలోకి ఎలా ప్రవేశించిందో వీరగల్లులు చూపుతాయి. దక్కన్ అంతటా, తెలుగు కన్నడ సీమలలో విశేషంగా కనిపించే ఈ శిలలలో తరచు మూడు అంతస్తుల శిల్పం ఉంటుంది. కింది భాగంలో వీరుడు పోరాడుతూ పడిపోతాడు. నడిమి భాగంలో అప్సరసలు అతన్ని పైకి కొనిపోతారు. పైభాగంలో అతడు శివలింగం ముందు కూర్చొని ఉంటాడు. పశువుల మందను కాపాడుతూ చనిపోయిన సామాన్యునికి సైతం ఈ శిల వేశారు. దీని భావం స్పష్టం. యాగం చేయలేనివాడు, వేదం చదవలేనివాడు తన మరణం ద్వారా కైలాసం చేరగలడు. యుద్ధమరణం మోక్షసాధనమైన తరువాత యుద్ధపు మాటలు మోక్షపు మాటలు కావడం ఎంతో దూరంలో లేదు.

నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం ఈ సందర్భంలో గమనింపదగినది. 1289 నాటి ఈ శాసనాన్ని మల్లికార్జున నాయకుని సేవకుడైన పువ్వుల ముమ్మడి వేయించాడు. తన నాయకునికీ, కాకతి రుద్రమదేవికీ శివలోకప్రాప్తి కలగాలని అతడు చేసిన భూదానాన్ని అది తెలుపుతుంది. రుద్రమదేవి మరణకాలాన్ని నిర్ణయించే ఆధారంగానే చరిత్రకారులు దీన్ని ప్రధానంగా వాడారు. పరిభాష దృష్టితో చూస్తే దీనికి మరొక విలువ ఉంది. ఏలిక మరణించిన తరువాత కూడా బంటు సేవ ఆగలేదు. అది ఆలయానికి ఇచ్చిన దానంగా మారి శివుని వైపు సాగింది. రాజసేవ ముగిసిన చోట దైవసేవ మొదలవుతుంది, రెంటికీ నడుమ అతుకు కనిపించదు.

ఈ సంబంధం ఎంత దూరం పోగలదో పొరుగు సీమలోని హళేబీడు స్తంభశాసనం తెలుపుతుంది. హొయసల రెండవ వీరబల్లాలుని దండనాయకుడైన కువర లక్ష్ముడు ఏలికతోపాటే జీవితాన్ని ముగించాలన్న వ్రతం పట్టినవాడు. రాజు మరణానంతరం అతడు భార్యతో, అనుచరులతో ఆ వ్రతాన్ని నెరవేర్చుకున్నాడు. అటువంటి సేవకులను 'గరుడులు' అన్నారు. విష్ణువుకు గరుత్మంతుడు ఎటువంటివాడో రాజుకు ఈ బంటు అటువంటివాడని అర్థం. భక్తి యుద్ధరంగం నుంచి మాటలు తెచ్చుకున్నట్లే యుద్ధరంగం కూడా భక్తి నుంచి తెచ్చుకున్నదనడానికి ఇది మంచి నిదర్శనం.

సోమనాథుని వీరమాహేశ్వరులు

ఈ నేపథ్యంలో బసవపురాణాన్ని చదివినప్పుడు దాని కథాకేంద్రం మరింత విశదమవుతుంది. సోమనాథుని కాలాన్ని గురించి పండితులలో ఏకాభిప్రాయం లేకపోయినా, కాకతీయుల ఏలుబడిలోని తెలుగు సమాజమే అతని రచనకు నేపథ్యమన్నది నిర్వివాదం. కథానాయకుడైన బసవేశ్వరుడు కల్యాణపురంలో కలచురి బిజ్జలునికి దండనాయకుడు. అంటే అతనికి ఇద్దరు ఏలికలున్నారు. బిజ్జలుని భండారపు ధనాన్ని జంగములకు దోచిపెడుతున్నాడని అభియోగం వస్తుంది. లెక్కించి చూస్తే ధనం తరగలేదని తేలుతుంది. ఈ ఘట్టంలో మహిమ ఒక్కటే ముఖ్యం కాదు. ఇద్దరు ఏలికలను కొలిచే బంటు ఎవరికి ద్రోహం చేయకుండా ఉండగలడన్న ప్రశ్న దీనిలో ఉంది. ఆ సమన్వయం చివరికి నిలవదు. బిజ్జలుడు శివభక్తుల కన్నులు తీయించిన తరువాత జగద్దేవుడు తోడివారితో కలిసి అతన్ని వధిస్తాడు. బిజ్జలుని అంతాన్ని జైన కథనాలు వేరుగా చెప్పాయి. చరిత్రలో జరిగినదేదైనా, సోమనాథుని కథనంలో రాజవధ స్వామిద్రోహం కాలేదు. అసలు ఏలిక శివుడైనప్పుడు శివద్రోహియైన రాజు ఏలిక కాలేడు. సైనికనీతిని సోమనాథుడు తోసిపుచ్చలేదు, దాని తర్కాన్ని చివరిదాకా నడిపించాడు.

మడివాలు మాచయ్య కథ ఈ తర్కాన్ని సమాజంలోకి దింపుతుంది. అతడు శివభక్తుల బట్టలు మాత్రమే ఉతుకుతాడు, భవులు వాటిని తాకితే సహించడు. అతని మీదికి బిజ్జలుడు పంపిన ఏనుగూ సేనా ఓడిపోతాయి. వృత్తిసేవ ఇక్కడ వీరవ్రతమైంది. ఎవరి బట్టలైనా ఉతకక తప్పని చాకలికి ఎవరి బట్టలు ఉతకాలో నిర్ణయించుకునే హక్కును ఆ వ్రతం ఇచ్చింది. 'వీర' శబ్దం తెచ్చిన గౌరవం ఎటువంటిదో ఈ ఒక్క కథ చాలు చెప్పడానికి.

బసవపురాణంలో ముగ్ధభక్తులు కూడా ఉన్నారు. బెజ్జమహాదేవి తల్లిలేని శివునికి తల్లి అవుతుంది. శివుడు విషం మింగాడని పురాణంలో విన్న రుద్రపశుపతి ఆ విషాన్ని ఉమియకపోతే తాను నీట మునిగి చస్తానంటాడు. వీరి చేతిలో కత్తి లేదు. అయినా రుద్రపశుపతి పట్టింది వీరుని పంతమే. ప్రాణాన్ని పణంగా పెట్టాడు, ఏలికను దిగివచ్చేట్లు చేశాడు. భరతుడు వీరరసాన్ని దానవీర, ధర్మవీర, యుద్ధవీరాలుగా విభజించాడు. సోమనాథుని ముగ్ధులు ఆ మూడింటిలో దేనికీ పూర్తిగా లొంగరు. ఉత్సాహం స్థాయిగా గల వీరం భక్తితో కలిసి ఏర్పడిన ఈ రూపాన్ని భక్తివీరమనవచ్చు. ఆయుధం ఉన్నవాడికీ లేనివాడికీ అది సమానంగా అందుతుంది.

అందరికీ అందే ఈ వీరానికి మరొక ముఖం ఉన్నదని కూడా అంగీకరించాలి. పండితారాధ్యచరిత్రలో చందవోలు బౌద్ధాచార్యుణ్ణి మల్లికార్జున పండితారాధ్యుని శిష్యులు చంపుతారు. రాజు పండితుని కన్నులు తీయిస్తాడు, శివుని కరుణతో అవి తిరిగి వస్తాయి. కథ పండితుని కన్నుల మహిమను చెబుతుంది, ఆచార్యుని ప్రాణాన్ని గురించి చింతించదు. వాదంలో ఎదిరి పక్షం 'శత్రువు' అయినప్పుడు వాదానికి ముగింపు వధ కావడం ఆ మాటలోనే ఇమిడి ఉన్న ప్రమాదం.

ఖడ్గం తనమీదికి తిరిగినప్పుడు

వీరపరిభాష కావ్యాలలోనే ఉండిపోలేదు, సంస్థలలోకి వచ్చింది. 1261 నాటి మల్కాపుర శాసనం గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశంభువు స్థాపించిన అగ్రహార, మఠ, సత్ర, వైద్యశాలల వ్యవస్థను వివరిస్తుంది. గణపతిదేవునికి దీక్షాగురువైన ఆచార్యుడతడు. ఆ వ్యవస్థలో అధ్యాపకులకు, వైద్యులకు, వంటవారికి చోటున్నట్లే గ్రామరక్షకులైన వీరభద్రులకు, సేవకులైన వీరముష్టులకు కూడా చోటుంది. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన దేవుని పేరు ఇక్కడ ఒక ఉద్యోగానికి పేరైంది. వీరపరిభాష మఠపు పాలనావ్యవస్థలో భాగమైనదనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అరుదు.

రెడ్డిరాజుల కాలానికి వచ్చేసరికి ఖడ్గం దిశ మారింది. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. తమ శిరస్సులను, నాలుకలను ఖండించుకొని శివునికి అర్పించే వీరుల ప్రస్తావన ఆ శాసనంలో ఉంది. ఇది ఒక రాజు కట్టించిన కట్టడం, ఒక ప్రసిద్ధక్షేత్రంలో నెలకొన్నది. ఆత్మబలి ఎక్కడో చాటుగా జరిగే ఆచారం కాదని, రాజాదరణ పొందిన వీరకర్మ అని దీనివల్ల తెలుస్తుంది. ఏలిక కోసం యుద్ధంలో తల ఇవ్వడం బంటు ధర్మం. యుద్ధం లేనప్పుడు, ఏలిక శివుడైనప్పుడు ఆ తలను ఎక్కడ ఇవ్వాలి? మండపం ఆ ప్రశ్నకు కట్టిన సమాధానం.

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇదే దృశ్యాన్ని ఓరుగల్లు నగరవీథిలో చూపింది. నిప్పుల గుండాలు తొక్కేవారు, వాడియైన అలుగుల మీదికి ఉరికేవారు, వీపున గాలం గుచ్చుకొని ఊగేవారు, నారసాలు దూర్చుకొనేవారు అక్కడ కనిపిస్తారు. కవి వారికిచ్చిన పేరు మైలారదేవుని 'భటులు'. భక్తులు అనలేదు, పూజారులు అనలేదు. ఆ మాటను ఊరకే వాడలేదనడానికి శ్రీశైల మండపమే సాక్ష్యం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో క్రీడాభిరామాన్ని సాంఘిక జీవనానికి ప్రధాన ఆధారంగా వాడుకున్నారు. ఆ కావ్యంలోని వీథిదృశ్యాలకు శాసనాలను జోడించి చదివితే సాంఘికచరిత్రకు తోడు ఒక పదచరిత్ర కూడా బయటపడుతుంది.

పల్నాటి సాక్ష్యం

వీరపరిభాష శైవానికే చెందినదన్న భావనను పల్నాటి సంప్రదాయం సవరిస్తుంది. పన్నెండవ శతాబ్ది చివరిభాగంలో జరిగినదని భావించే కారెంపూడి యుద్ధంలో బ్రహ్మనాయుడు వైష్ణవుడు, మాచెర్ల చెన్నకేశవుని సేవకుడు. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రచురించారు. అదే కథ గాయకుల నోట ఎలా బతికి ఉన్నదో రోఘేర్ 1982లో ప్రచురించిన గ్రంథం చూపింది. సోమనాథుడు పురాణానికి ఎన్నుకున్న ద్విపదలోనే వీరగాథలూ నడిచాయన్నది యాదృచ్ఛికం కాదు. పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడడాన్ని క్రీడాభిరామం కూడా పేర్కొన్నది. భక్తుని కథకూ వీరుని కథకూ శ్రోతలు ఒక్కరే, ఛందస్సు ఒక్కటే.

పల్నాటి కథలో వీరత్వం కులపుగోడలను దాటుతుంది. మాలకన్నమదాసును బ్రహ్మనాయుడు పెద్దకొడుకుగా ఆదరించి సేనానిని చేశాడు. చాపకూడు మీద వివిధ కులాలవారు కలిసి తిన్నారు. బాలచంద్రుని తోడివీరులు నానా వర్ణాలవారు. వారిలో బ్రాహ్మణుడైన అనపోతును యుద్ధానికి రానీయకుండా బాలచంద్రుడు ఉపాయంతో వెనక్కి పంపుతాడు. అది తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. బ్రహ్మహత్యాదోషానికి వెరచి కాపాడదలచిన స్నేహం అతనికి అవమానంగా తోచింది. చావులో భాగం దొరకకపోవడమే వెలి. ఆ సమానత్వం చాపమీద మొదలై రణభూమిలో పూర్తవుతుంది. దాన్ని అనుభవించడానికి దాదాపు ఎవరూ మిగలలేదన్నది ఈ వీరగాథ మనముందుంచే విషాదం.

ఆ వీరులు నేడు దైవాలు. కారెంపూడిలో కార్తికమాసంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో అయిదు రోజుల ఉత్సవం జరుగుతుంది. వీరుల ఆయుధాలు పూజలందుకుంటాయి. వీరవిద్యావంతులు కథ పాడుతారు. యుద్ధంలోని ఒక్కొక్క ఘట్టం ఒక్కొక్క పూజాదినమైంది. మనుషులు దేవుని బంట్లయిన తీరు బసవపురాణంలో కనిపిస్తే, బంట్లే దేవుళ్లయిన తీరు ఇక్కడ కనిపిస్తుంది.

అర్థం మారిన తీరు

'వీర' శబ్దానికి మరొక అర్థం చెప్పే ప్రయత్నం శైవశాస్త్రంలోనే జరిగింది. వీరశైవులకు ప్రమాణగ్రంథమైన సిద్ధాంతశిఖామణి ఆ పదాన్ని విడదీసి నిర్వచించింది. దాని ప్రకారం 'వీ' అంటే శివజీవుల ఐక్యాన్ని బోధించే విద్య, ఆ విద్యలో రమించేవాడు వీరశైవుడు. ఇది వ్యాకరణం ఒప్పే వ్యుత్పత్తి కాదు, సిద్ధాంతం కోరిన నిరుక్తి. కాని దాని ప్రయోజనం తక్కువది కాదు. కత్తి, పంతం, రక్తం అన్నీ ఆ ఒక్క నిర్వచనంతో మాటనుంచి తొలగిపోయాయి. యోధుడు జ్ఞాని అయ్యాడు.

వైష్ణవభక్తిలో ఈ పరిణామం అలంకారమార్గంలో జరిగింది. హనుమంతుణ్ణి రామబంటు అనడం తెలుగువారికి సహజం. త్యాగరాజు హంసనాదరాగంలో చేసిన ఒక ప్రసిద్ధకృతిలో రాముని కొలువులో బంటుపదవిని అర్థించాడు. అందులో బంటుకు కావలసిన సరంజామా అంతా ఉంది. అయితే రోమాంచమే కంచుకం, రామభక్తుడనే పేరే ముద్రబిళ్ళ, రామనామమే ఖడ్గం. ఓడించవలసిన శత్రువులు కామాదులు. శ్రీశైలంలో నాలుకను కోసిన ఖడ్గం ఇక్కడ నాలుకమీది నామమైంది. రెండూ ఒకే బంటుభావనకు రెండు కొనలు.

ఈ మార్పుకు సైనికచరిత్రలో కూడా కారణం వెదకాలి. త్యాగరాజు నాటి తంజావూరులో (ఆయన జీవితకాలం 1767 నుంచి 1847) బంటు అంటే ఏలికతో కలిసి చచ్చే లెంక కాడు, బిళ్ళ ధరించిన కొలువుకాడు. ఆ మాట నుంచే వచ్చిన 'బంట్రోతు' మొదట సైనికుడే, తరువాత కచేరీ గుమ్మం దగ్గర నిలబడే నౌకరయ్యాడు. చదరంగంలో బంటు అన్నిటికంటె ముందు బలి అయ్యే కాయ. యుద్ధమే వృత్తిగా, ఏలికే సర్వస్వంగా ఉన్న సంబంధం సడలిన తరువాత దాని పరిభాష లౌకికరంగంలో చిన్నబోయింది, భక్తిరంగంలో సూక్ష్మమైంది.

అయితే ఈ సూక్ష్మీకరణ అందరిదీ కాదు. వీరభద్రుని సంబరాలలో నేటికీ 'అశ్శరభ' కేకల నడుమ ఖడ్గాలు చదువుతారు, నారసాలు పొడుచుకుంటారు. ఇక్కడ 'ఖడ్గం' అనే మాట ఆయుధానికీ, దాన్ని పట్టుకొని పఠించే రచనకూ ఒకే పేరు కావడం విశేషం. ఈ ఆచారంలో వీరపరిభాష వాచ్యార్థాన్ని విడువలేదు. దాన్ని నిలుపుకున్న గాయక, ప్రదర్శక కుటుంబాలకు సాహిత్యచరిత్రలో దక్కిన చోటు స్వల్పం. వారి ఆచారాన్ని మూఢత్వమని, త్యాగరాజు రూపకాన్ని భక్తిపరాకాష్ఠ అని వేరువేరు శీర్షికల కింద చర్చించడం పరిపాటి అయింది. పదచరిత్ర ఆ విభజనను సమర్థించదు. రూపకానికి అర్థబలం వచ్చింది ఆ శరీరాలనుంచే.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మధ్యయుగాంధ్రంలో భక్తికీ సైనికసేవకూ ఉమ్మడి పునాది ఏలిక, బంటు సంబంధం. వీరపరిభాష ఒక రంగం నుంచి మరొక రంగానికి అరువు పోలేదు, రెండింటిలోనూ కలిసి పెరిగింది. రెండవది, ఆ పరిభాష వర్ణనామాలకు ప్రత్యామ్నాయమైన గౌరవాన్ని సృష్టించింది. మడివాలు మాచయ్య, కన్నమదాసు ఆ గౌరవానికి ప్రతినిధులు. అదే పరిభాష ఎదిరివాణ్ణి ద్రోహిగా, తన శరీరాన్ని అర్పణద్రవ్యంగా మార్చింది. చందవోలు బౌద్ధాచార్యుడు, శ్రీశైల వీరులు దానికి సాక్షులు. మూడవది, ఆ మాటలు తరువాత అంతరంగానికి మరలినా ఆచారంలో వాచ్యార్థం కొనసాగింది. ఆ కొనసాగింపు భారం సమానంగా పంచబడలేదు.

మతావేశమనీ సాంఘిక విప్లవమనీ చేసిన వివరణలు ఈ మూడింటిలో ఒక్కొక్క పార్శ్వాన్ని పట్టుకున్నాయి. సోమనాథుని చాకలికి ఆత్మగౌరవాన్నిచ్చిన మాటా, వాదంలో ఎదిరిని చంపించిన మాటా ఒక్కటే కావడం ఆ వివరణలకు అందని చిక్కు. గౌరవాన్ని ఉంచుకొని హింసను తోసివేయడం ఆ మాటను ఉపయోగించిన నాటివారికి సాధ్యపడలేదు. ఆ పని చేసిన నిరుక్తికారులు గౌరవం అవసరమైన చాకలిని, భటుణ్ణి వ్యాఖ్యానం వెలుపల వదిలిపెట్టారు. బసవపురాణాన్ని, క్రీడాభిరామాన్ని, వీరగాథలను, ఖడ్గపఠనాన్ని ఒకే పదచరిత్రలో భాగాలుగా చదివినప్పుడే వీరశబ్దం ఎవరికి ఏమిచ్చిందో, ఎవరినుంచి ఏమి తీసుకున్నదో సంపూర్ణంగా తెలుస్తుంది.